ఎత్తు, పాచిక: ఏకాకి యుద్ధక్రీడలలో అనూహ్యత

తెలుగున 'ఎత్తు', 'పాచిక' అను రెండు మాటలకును రెండేసి అర్థములు కలవు. చదరంగమున కాయను జరుపుట ఎత్తు. ఎదుటివానిని ఓడించుటకు పన్నిన ఉపాయమును ఎత్తే. జూదమున విసరునది పాచిక. లోకవ్యవహారమున పన్నాగమును పాచికయే. ఒకని ఉపాయము ఫలించినచో వాని పాచిక పారినదందురు. రెండును ఉపాయమునే తెలుపుచున్నను వాని నడుమ ఒక భేదము కలదు. ఎత్తు వేయువానికి తన కాయ ఎక్కడ నిలుచునో ముందే తెలియును. పాచిక వేయువానికి అది చేయి విడిచిన పిదప గాని ఫలము తెలియదు. యుద్ధమున సేనాని వేయునది ఎత్తే. కాని వానకును, బురదకును, దారి తప్పిన వార్తాహరునికిని, బెదరిన గుఱ్ఱమునకును లోబడి ఆ ఎత్తు పాచికగా మారిపోవుచుండును.

బల్లపై బొమ్మ సైన్యములను నిలిపి, కొలతలతోను నియమములతోను యుద్ధమును అనుకరించు క్రీడ ఐరోపాఖండమున పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున రూపొందినది. సాధారణముగా దానిని ఇరువురు ఆడుదురు. ఎదుటి ఆటగాడు దొరకనప్పుడు ఒక్కడే ఉభయపక్షములను నడుపుకొనుటయు చాలకాలముగా ఉన్నది. అట్టి ఏకాకి క్రీడయందు ఒక పెద్ద చిక్కు కలదు. ఆటగానికి తన ఎత్తును తెలియును, శత్రువు ఎత్తును తెలియును. ఉచ్చు పన్నినవాడును అందు చిక్కవలసినవాడును ఒక్కడే యైనప్పుడు ఆ ఉచ్చున ఎవడును పడడు. తనకు తెలిసిన దానిని తననుండియే దాచుకొనుట యెట్లు? ఈ ప్రశ్నకు కాలక్రమమున లభించిన సమాధానములును, అవి బాలుర వినోదమును దాటి రాజ్యముల భవితవ్యమును స్పృశించిన తీరును ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

చతురంగమున పాచిక

యుద్ధమును పలకపై అనుకరించిన ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది భారతదేశమున పుట్టిన చతురంగము. ఏనుగు, గుఱ్ఱము, రథము, పదాతి అను నాలుగు సేనాంగములే దాని పేరునకు మూలము. ఈ ఆటను నలుగురు కూడి పాచికలతో ఆడు పద్ధతియు ఈ దేశమున ఉండెను. అల్ బిరూనీ 1030 ప్రాంతమున హిందూదేశమును గూర్చి రచించిన గ్రంథమున దానిని వర్ణించెను. వంగదేశీయుడైన రఘునందనుని 'తిథితత్త్వము' నందును ఆ వివరములు కలవు. పాచికపై 5 పడినచో రాజు గాని భటుడు గాని కదలవలెను. 4 పడినచో ఏనుగు, 3 పడినచో గుఱ్ఱము, 2 పడినచో నౌక. ఇరువురాడు చదరంగము ముందా, నలుగురాడు పాచికల చతురంగము ముందా అను చర్చ పండితులలో జరిగినది. 1913లో చదరంగ చరిత్రను ప్రకటించిన మరే పండితుడు ఇరువురాడునదే ప్రాచీనమని నిర్ణయించెను.

ప్రస్తుత విషయమునకు ఆ పౌర్వాపర్యముకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. పాచికల చతురంగమున ఆటగాడు తాను కోరిన కాయను కదపలేడు. గుఱ్ఱమును పంపవలసిన క్షణమున పాచిక ఏనుగును పిలుచును. ఆజ్ఞకును ఆచరణకును నడుమ ఎడము కలదను యుద్ధసత్యమును ఆ పాచిక స్ఫురింపజేయుచున్నది. ఇరువురాడు చదరంగమున ఆ ఎడము లేదు. అందుచే అది బుద్ధికి పదును పెట్టును గాని యుద్ధమును పోలదు.

తెలుగువారి ఇండ్లలోని ఆటలనే వరుసగా పేర్చి చూచినచో ఈ విషయము సుబోధమగును. పులిజూదము పేరునకు జూదమే గాని అందు పాచిక లేదు. పులికిని మేకకును ఎత్తులే ఆధారము. వైకుంఠపాళియందు ఎత్తు లేదు. పందెము పడినట్లు నిచ్చెన యెక్కవలెను, పాము నోట పడవలెను. ఈ రెంటికి నడుమ నున్నది అష్టాచెమ్మ. గవ్వలు ఎన్ని పడునో ఆటగాని చేతిలో లేదు గాని, పడిన పందెమును ఏ కాయకు వినియోగింపవలెనో ఆతని చేతిలోనే కలదు. కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారు దీనిని చౌకాబార యనియు, తమిళదేశమున నున్నవారు దాయమనియు ఇరుగుపొరుగుల నోట వినుచునే యుందురు. పేరేదైనను దాని స్వభావమొక్కటే. యుద్ధక్రీడ ఈ నడిమి తరగతికి చెందినది.

ప్రష్యా రాజ్యమున యుద్ధక్రీడ

జర్మను దేశమందలి బ్రున్స్‌విక్ నగరమున హెల్విగ్ అను గణితోపాధ్యాయుడు 1780లో చదరంగమును పెంచి ఒక యుద్ధక్రీడను ప్రకటించెను. అందు అనేకములైన గడులు కలవు. కొండ, నీరు, ఊరు మొదలగునవి గడుల రంగులచే తెలియుచుండెను. సైనికవృత్తిలో ప్రవేశింపబోవు యువకులకు యుద్ధతంత్రమును బోధించుట ఆతని ఉద్దేశము. గడులున్నంతకాలము అది చదరంగపు సంతానముగనే మిగిలినది.

గడులను విడిచినవాడు ప్రష్యా రాజ్యోద్యోగియైన రైస్విట్జ్. ఆతడు 1812లో రాజగు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్మునకు ఒక పెద్ద బల్లను సమర్పించెను. కొండలు, నదులు, బాటలు తీర్చిన పలకలను దానిపై ఇష్టానుసారముగ అమర్చి భూభాగమును నిర్మింపవచ్చును. ఆతని కుమారుడు, ఫిరంగిదళమున అధికారియైన చిన్న రైస్విట్జ్, ఆ క్రీడను సంస్కరించి 1824లో నియమగ్రంథమును ప్రకటించెను. అందు భూభాగమునకు బదులుగా 1:8000 మానముగల పటము వాడబడెను. ఒక్కొక్క ఆవృత్తి యుద్ధకాలమున రెండు నిమిషములకు సమానము.

ఈ క్రీడయందలి విశేషములు మూడు. మొదటిది మధ్యస్థుడు. ఆటగాండ్రు తమ ఆజ్ఞలను చీటీలపై వ్రాసి ఆతనికీయవలెను. ఆజ్ఞ దూరముననున్న దళమునకు చేరుటకు పట్టు కాలమును ఆతడే లెక్కకట్టును. రెండవది గోప్యత. శత్రువు కంటబడని దళమును సూచించు బిళ్లను పటముపై పెట్టరాదు. అది యెక్కడ నున్నదో మధ్యస్థునికి మాత్రమే తెలియును. మూడవది పాచిక. తుపాకులు, ఫిరంగులు ఎంత దూరమున ఎంత నష్టము కలిగించునో తెలుపు పరీక్షల ఫలితములను పట్టికలుగా కూర్చి, ఆ ఫలము ఒకప్పుడు హెచ్చుగను ఒకప్పుడు తగ్గుగను ఉండునట్లు పాచికను ప్రవేశపెట్టిరి. ఉభయుల బలముల నిష్పత్తిని బట్టి వాడవలసిన పాచికయు మారుచుండెను. బలవంతునికి గెలుపు సంభావ్యమే గాని నిశ్చితము కాదు.

సర్వసేనాధిపతి కార్యాలయమునకు అధ్యక్షుడైన మ్యూఫ్లింగ్ మొదట దీనియెడ ఉదాసీనుడై, ఆట ముందుకు సాగిన కొలదిని ఉత్సాహితుడై, దీనిని సైన్యమంతటికిని సిఫారసు చేసెను. ఇంతటి ఖ్యాతి గడించినను చిన్న రైస్విట్జ్ జీవితము విషాదాంతమైనది. రాజధానికి దూరముగా టోర్గౌ కోటకు బదిలీయై, 1827లో ఆతడు ఆత్మహత్య చేసికొనెను. క్రీడ మాత్రము ప్రష్యా సైన్యమున నిలిచినది. 1870-71లో ఫ్రాన్సుపై ప్రష్యా పొందిన విజయము పిదప ఇతర రాజ్యములును దీనిని ఆదరించినవి.

పాచికను త్రోసివేయు యత్నము

ఆ కాలముననే క్లౌజ్‌విట్జ్ రచించిన యుద్ధశాస్త్రగ్రంథము, ఆయన మరణానంతరము 1832 నుండి ఆయన భార్యచే ప్రకటింపబడెను. మానవుని కార్యకలాపములలో యుద్ధమునకు మిక్కిలి దగ్గరగా నున్నది పేకాటయని ఆయన అభిప్రాయము. చదరంగమున ఎదుటివాని కాయలన్నియు కనబడుచునే యుండును; పేకాటలో ఎదుటివాని చేతిలోని ముక్కలు కనబడవు. యుద్ధమున అన్నియు సులభములే యైనను, ఆ సులభమైన పనియే చేయుట కష్టమగుననియు, చిన్న చిన్న అడ్డంకులు కూడి మహాప్రయత్నములను నిలిపివేయుననియు ఆయన బోధించెను.

కాలక్రమమున రైస్విట్జ్ నియమములు పెరిగి పెరిగి పట్టికల అరణ్యమైనవి. ఒక్క తాకిడి ఫలమును తేల్చుటకు పుటలు త్రిప్పవలసి వచ్చుచుండెను. 1876లో వెర్డీ దు వెర్న్వా అను ప్రష్యా సేనాని పట్టికలను పాచికలను తొలగించి, అనుభవజ్ఞుడైన మధ్యస్థుని నిర్ణయమే చాలునని ప్రతిపాదించెను. ఆట వేగవంతమైనది. కాని మధ్యస్థుని ఊహకు మించిన సంఘటన అందు సంభవింపదు. ఆతనికి ఇష్టములేని ఫలము తలయెత్తవలెనన్నచో ఆతడే అనుమతింపవలెను. పాచికకు అధికారి యని భయము లేదు, ఆశ్రితుడని దయ లేదు. ఈ గుణమును పోగొట్టుకొనుటవలన కలుగు హాని ఇరువదవ శతాబ్దిలో బయలుపడినది.

సైనికశాలనుండి గృహమునకు

ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను చిన్న గ్రంథమున బొమ్మ సైనికులతో నేలపై ఆడు ఆటకు నియమములు వ్రాసెను. ఆట ఆరంభమున ఇరుపక్షముల నడుమ తెర కట్టి, ఒకరి అమరిక నొకరు చూడకుండ సైన్యములను నిలుపుదురు. చిన్న బొమ్మఫిరంగి కొయ్యగుండును విసరును. గురి తగులుటయే అందలి ప్రధానమైన అదృష్టము. వెల్స్ యుద్ధమును ఏవగించుకొన్నవాడు. బొమ్మల యుద్ధముననే ఇన్ని పొరపాట్లు జరుగుచుండగా నిజమైన యుద్ధమెంత ఘోరమైన అవివేకమో ఆలోచింపుడని ఆతని హితవు. మరుసటి యేడే ప్రపంచయుద్ధము ప్రారంభమైనది.

రెండవ ప్రపంచయుద్ధమున టాంకుదళమున పనిచేసిన డొనాల్డ్ ఫెదర్‌స్టన్ 1962లో 'వార్ గేమ్స్' అను గ్రంథమును ప్రకటింపగా, బల్లపై యుద్ధక్రీడ సామాన్య గృహస్థుల వ్యాపకముగా వ్యాపించెను. అట్లు వ్యాపించిన కొలదిని ఎదుటి ఆటగాడు దొరకనివారి సంఖ్యయు పెరిగినది. వారికొరకు ఆయనయే 1973లో 'సోలో వార్‌గేమింగ్' అను గ్రంథమును వ్రాసెను. ఏకాకి క్రీడాకారులకే ఉద్దేశింపబడిన 'లోన్ వారియర్' అను పత్రికయు వెలసినది. ప్రష్యా క్రీడకు ఇరువురు ఆటగాండ్రు, ఒక మధ్యస్థుడు వెరసి ముగ్గురు కావలెను. ఏకాకి ఆ మూడు పదవులను తానొక్కడే నిర్వహింపవలెను. కావున తన యొద్దనుండి రెండు పదవులను తీసి నిర్జీవవస్తువులకు అప్పగించుటయే ఏకాకి క్రీడాశాస్త్ర సారము.

సాధనములు: రక్కసి-తంగడి ఉదాహరణము

ఆ సాధనములు పనిచేయు తీరును తెలిసికొనుటకు, తెలుగువారును కన్నడిగులును మరువలేని యుద్ధమునే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. 1565 జనవరి 23వ తేదీన విజయనగర సైన్యము దక్కను సుల్తానుల కూటమిచే పరాజయము పొందినది. చరిత్రకారుడు ఫిరిష్తా చెప్పిన వృత్తాంతమిది: కృష్ణానది రేవును విజయనగర సైనికులు గట్టిగా కాపాడుచుండిరి. సుల్తానులు వేరొక రేవును వెదకుచున్నట్లుగా నదివెంట మూడు దినములు నడచిరి. ఆవలి యొడ్డున విజయనగర సైన్యము వారి వెంటనే నడచెను. అంతట సుల్తానులు రాత్రివేళ వెనుదిరిగి, కావలి లేని మొదటి రేవుననే నది దాటిరి.

ఒక ఏకాకి ఈ ఘట్టమున రామరాయల పక్షము వహించి ఆడుచున్నాడనుకొందము. శత్రువు ఉపాయము తనకు పుస్తకమునుండి తెలిసియే యున్నది. రేవును విడువడు, కథ ముగిసినది. దీనికి మొదటి సాధనము చీటీలు. శత్రువు చేయదగిన పనులను మూడు చీటీలపై వ్రాయవలెను: ఉన్న రేవుననే బలముతో దాటుట; నదివెంట పోయి వేరొకచోట దాటుట; పోవుచున్నట్లు నటించి వెనుకకు వచ్చుట. వానిని మడచి కలిపి ఒక్కటి తీసి, విప్పకుండ పాచికల పెట్టె క్రింద నుంచవలెను. మొదటి దినము శత్రువు నిలిచెనా కదలెనా అనుట మాత్రము తెలియుటకు చీటీపై వెలుపల ఒక గుర్తు చాలును. శత్రువు కదలినచో ఆతడు నిజముగా పోవుచున్నాడో నటించుచున్నాడో ఆటగానికి తెలియదు. వెంట నడువవలెనా, రేవున నిలువవలెనా, సైన్యమును రెండుగా చీల్చవలెనా? రామరాయలకు ఎదురైన ప్రశ్నయే నాలుగువందల యేండ్లు గడచిన పిదప ఒక బల్లయొద్ద మరల పుట్టును. మూడవనాటి రాత్రి చీటీ విప్పవలెను.

మూడు ఉపాయములును సమానముగ మంచివి కానప్పుడు పాచికపై అంకెలను పంచవచ్చును. 1, 2, 3 పడినచో ఉత్తమోపాయము, 4, 5 పడినచో మధ్యమము, 6 పడినచో అధమము. ఇట్లు చేసినచో శత్రువు సాధారణముగా తెలివైనవాడే గాని, ఆరింట ఒకసారి తెలివి తప్పును. చార్లెస్ ఎస్. గ్రాంట్ 1983లో ప్రకటించిన ఘట్టముల సంపుటి ఈ మార్గముననే సాగినది. శత్రువుల అమరికయు ప్రతిక్రియయు ఆటగాని వశమున లేక నియమములకును పాచికకును వశమైయుండును.

రెండవ సాధనము ఉత్తబిళ్లలు. ఆవలి యొడ్డున పది బిళ్లలను బోర్లించి పెట్టవలెను. అందు ఆరు నిజమైన దళములు, నాలుగు ఖాళీలు. కలిపి పెట్టిన వానిలో ఏది యేదో పెట్టినవానికే తెలియదు. తన గూఢచారులు దగ్గరకు పోయినప్పుడే బిళ్ల తిరుగవలెను. ప్రష్యా మధ్యస్థుడు మనసున దాచిన రహస్యమును ఇచట బిళ్ల వీపు దాచుచున్నది.

మూడవది వంతుల క్రమము. ఇరుపక్షములు వంతులవారీగా కదలినచో ఏకాకి నాలుగెత్తుల ముందే లెక్కకట్టగలడు. అమెరికా దేశస్థుడు లారీ బ్రోమ్ 1979లో ప్రకటించిన 'ది స్వోర్డ్ అండ్ ది ఫ్లేమ్' అను నియమావళిలో పేకముక్కలు ఈ వంతును నిర్ణయించును. ఎఱ్ఱముక్క వచ్చినచో ఒక పక్షపు దళమొకటి, నల్లముక్క వచ్చినచో ఎదుటి పక్షపు దళమొకటి కదలవలెను. వరుసగా నాలుగు నల్లముక్కలు పడినచో ఎఱ్ఱపక్షము చేతులు కట్టుకొని చూడవలసినదే. కదలిక దూరమును సైతము పాచికయే చెప్పును.

నాల్గవది సేనానుల స్వభావము. టోనీ బాత్ అను ఆంగ్లేయుడు ఒక కల్పిత భూఖండమును సృష్టించి యేండ్ల తరబడి యుద్ధములు నడిపెను. అందలి రాజుల, సేనానుల శీలములను ఆతడు పేకముక్కలు తీసి నిర్ణయించుచుండెను. ఒకడు సాహసి, ఒకడు పిరికి, ఒకడు ధనలోభి. ఆ పిదప ప్రతి సందర్భమున ఆ శీలమునకు తగినట్లే ఆతనిని నడుపవలెను. అప్పుడు ఆటగాడు తన యిష్టమును కాక పాత్ర స్వభావమును అనుసరించును.

ఐదవది ఆకస్మిక ఘటనలు. వాన కురిసినది, మందుగుండు తడిసినది, వార్తాహరుడు పట్టుబడినాడు అని ముక్కలపై వ్రాసి, ఆవృత్తికొకటి తీయుట ఈ పద్ధతి. ఇవి కథకుల కల్పనలని కొట్టివేయరాదు. ఫిరిష్తా వ్రాతలో రామరాయలు పట్టుబడిన తీరును చూడుడు. శత్రువుల ఏనుగొకటి మదించి పల్లకివైపు పరుగెత్తినది. బోయీలు భయపడి పల్లకిని విడిచి పారిపోయిరి. వృద్ధుడైన రామరాయలు గుఱ్ఱమెక్కులోపల చిక్కెను. ఆయన శిరస్సు ఖండింపబడినంతనే సైన్యము విరిగెను. ఒక సామ్రాజ్యపు మహాయుద్ధమున నిర్ణాయకమైన ఘడియ బోయీల భయముపై ఆధారపడినది. దీనిని ముక్కపై వ్రాసి ఆటలో చేర్చినచో నమ్మరానిదని ఆటగాండ్రే ఆక్షేపింతురు.

ముద్రిత క్రీడలలో ఈ మార్గమునకు పేరెన్నికగన్నది 1983లో అమెరికాలో వెలువడిన 'ఆంబుష్'. ఆటగాడు ఒక చిన్న సైనికదళమును నడుపుచు పటముపై కొత్త గడిలో అడుగిడినప్పుడెల్ల ఒక సంఖ్యను చూచి, పుస్తకమున ఆ సంఖ్యగల పేరాను చదువవలెను. అచట శత్రువు పొంచియుండవచ్చును, ఏమియు లేకపోవచ్చును. దాని లోపమును అందే కలదు. ఒకసారి చదివిన ఘట్టము రెండవసారి రహస్యము కాదు. పాచిక మాత్రము ఎన్నిసార్లు వేసినను పాతబడదు.

అనూహ్యతకు హద్దు

అనూహ్యత మంచిదే యని దానిని మితిమీరి పెంచినచో యుద్ధక్రీడ వైకుంఠపాళి యగును. ఏమైనను జరుగవచ్చునన్నచో ఏమి చేసినను ఒక్కటే. ఆలోచనకు ఫలము లేని ఆట ఆటగాని గౌరవింపదు. కావున అదృష్టమునకు ఒక ఆకృతి నీయవలెను. ఒక్క పాచికపై 1 మొదలు 6 వరకు అన్ని అంకెలకును సమానావకాశము. రెండు పాచికల మొత్తమును గ్రహించినచో 36 విధములలో 7 పడుటకు 6 మార్గములు కలవు. 2 పడుటకును 12 పడుటకును ఒక్కొక్కటియే. 6, 7, 8 కలిపి 16 మార్గములు. అనగా నడిమి ఫలములు తరచుగను, విపరీతములు అరుదుగను వచ్చును. వర్షము, ఆలస్యము వంటి సామాన్య విఘ్నములను నడిమి అంకెలకును, సేనాని మరణము వంటి ఉపద్రవములను అంచులకును కేటాయించినచో క్రీడ లోకస్వభావమునకు దగ్గరగును. విపత్తు అరుదుగా రావలెను. కాని రాదను భరోసా మాత్రము ఉండరాదు.

మిడ్వే: మార్చబడిన పాచిక

ఏకాకి క్రీడకు కలుగు మహాప్రలోభము ఒకటి కలదు. ఇష్టములేని పందెము పడినప్పుడు, చూచువారెవరును లేరు గదాయని మరల వేయుట. ఇది యెంత దూరము పోవునో జపాను నౌకాదళ చరిత్ర తెలుపుచున్నది.

1942 మే నెల ఆరంభమున 'యమాటో' అను యుద్ధనౌకపై మిడ్వే ద్వీపముపై దాడిని గూర్చి యుద్ధక్రీడలు జరిగినవి. నౌకాదళ సంయుక్త సేనాధిపతికి ముఖ్య సహాయకుడైన ఉగాకి మధ్యస్థులకు అధ్యక్షుడు. ఒకుమియా, ఫుచిదా అను అధికారులు యుద్ధానంతరము వ్రాసిన గ్రంథము 1955లో ఆంగ్లమున వెలువడెను. వారి కథనము ప్రకారము, మిడ్వే ద్వీపమునుండి వచ్చిన శత్రువిమానములు జపాను విమానవాహక నౌకలపై దాడిచేసినట్లు ఆటలో ఒక ఘట్టము వచ్చినది. ఒకుమియా నియమానుసారముగ పాచిక వేసి తొమ్మిది గుండ్లు తగిలినవనియు 'అకాగి', 'కాగా' అను రెండు నౌకలును మునిగినవనియు తీర్పు చెప్పెను. ఉగాకి ఆ తీర్పును త్రోసివేసి తగిలినవి మూడేయనెను. 'అకాగి' స్వల్పముగ దెబ్బతిన్నదిగను, 'కాగా' మాత్రమే మునిగినదిగను లెక్క మారెను. తరువాతి దాడులను గూర్చిన క్రీడలో ఆ మునిగిన 'కాగా' సైతము మరల నీటిపై తేలినది.

1942 జూన్ 4వ తేదీన నిజమైన యుద్ధము జరిగినది. 'అకాగి', 'కాగా', 'సోర్యు', 'హిర్యు' అను నాలుగు వాహకనౌకలును ఆ దెబ్బకు నశించెను.

ఇచట న్యాయదృష్టితో ఒక మాట చెప్పవలెను. మిడ్వే ద్వీపమునుండి ఎగిరిన విమానములు ఆ ఉదయమున జపాను వాహకనౌకలపై ఒక్క గుండును తగిలింపలేకపోయినవి. నౌకలను నాశనము చేసినవి అమెరికా వాహకనౌకలనుండి వచ్చి నిట్టనిలువుగా దిగిన బాంబరు విమానములు. ఆ దృష్టితో చూచినచో ద్వీపవిమానముల గురిని తగ్గించిన ఉగాకి అంచనాయే నిజమునకు దగ్గర. పాచిక భవిష్యత్తును చెప్పలేదు. చెప్పుట దాని పనియు కాదు. అది ఒక ప్రశ్నను బల్లపై పెట్టినది: వాహకనౌకలు మునిగినచో ఏమి చేయుదురు? అదే గ్రంథము మరియొక విషయమును చెప్పుచున్నది. విమానములు ద్వీపముపై దాడికి పోయియున్న సమయమున శత్రువాహకనౌకలు ప్రక్కనుండి కనబడినచో ఏమి చేయుదురని ఉగాకియే అడుగగా, దాడిసేన అధికారుల సమాధానము స్పష్టముగా లేదట. జూన్ 4న జరిగినది సరిగా అదియే. ప్రశ్న అడుగబడినది, సమాధానము లేకుండగనే ఆట ముందుకు సాగినది. బల్లచుట్టును అనేకులున్నను, పథకము రచించిన వర్గమే మధ్యస్థత్వమును వహించుటచే ఆ క్రీడ ఏకాకి క్రీడయే అయినది.

ముగింపు

పాచికలాటయనగానే తెలుగువారికి స్ఫురించువాడు శకుని. శకుని పాచికలు అడిగిన పందెమును పడునవి. ఒంటరిగా ఆడుచు తనకు గిట్టని పందెమును మరల వేసికొనువాడు శకునిని తన చేతిలోనే పెట్టుకొన్నవాడగును. అయితే ఆ బల్లయొద్ద ధర్మరాజును ఆతడే; మోసగించినవాడును మోసపోయినవాడును ఒక్కడే. ఆటలో ఆ నష్టము స్వల్పము. గృహనిర్వాహకుడు, సంఘనాయకుడు, రాజ్యాధికారి తమ పథకములను తాము పరీక్షించుకొను వేళ అదే నష్టము మితిలేనిది.

చతురంగపు పాచిక మొదలు రైస్విట్జ్ మధ్యస్థుని వరకు, ఫెదర్‌స్టన్ గ్రంథము మొదలు మడచిన చీటీ వరకు ఈ చరిత్రయందు కనబడునది ఒక్కటే యత్నము: తనకు అన్నియు తెలియునను భ్రమనుండి ఆటగానిని విడిపించుట. విద్యార్థికి ఈ క్రీడ చరిత్రపాఠమునందును మేలు చేయును. 1565 పేరు వినగానే పరాజయము విధివిహితమైనట్లు తోచును. చీటీలతోను పాచికతోను ఆ మూడు దినములను ఆడిన బాలునికి, రేవును విడిచిన కాపలావారు మూర్ఖులు కారనియు, వారికి తెలిసినంతలో వారు చేసిన నిర్ణయము సహజమేననియు బోధపడును. పూర్వులను నిందించుటకు ముందు వారి చీకటిలో ఒక రాత్రి గడుపుట న్యాయము. అందులకు కావలసినవి ఒక బల్ల, కొన్ని బిళ్లలు, రెండు పాచికలు, పడిన పందెమును పడినట్లే అంగీకరించు మనస్సు.